తెలుగు పరిశోధన వెబ్‌సైట్ల మందగమనం: కారణనిర్ధారణ, హోస్టింగ్ సంస్థలతో వ్యవహారం, పాఠసంరక్షణ

వ్యాససంగ్రహం:
తెలుగు భాషాసాహిత్య పరిశోధన ఫలితాలు నేడు అంతర్జాల పత్రికలు, విశ్వవిద్యాలయ విభాగాల వెబ్‌సైట్లు, వ్యక్తిగత సాహిత్య భాండాగారాల ద్వారా విస్తృతంగా వెలువడుతున్నాయి. వీటిని నిర్వహిస్తున్నవారిలో చాలామంది సాహిత్య అధ్యాపకులే తప్ప సాంకేతిక నిపుణులు కారు. వెబ్‌సైట్ మందగించినప్పుడు దోషం ఎక్కడున్నదో వారికి తెలియదు. హోస్టింగ్ సంస్థ చెప్పిన మాటే ప్రమాణమవుతుంది. మందగమనానికి గల కారణాలను దశలవారీగా వివరించడం, దోషస్థానాన్ని నిర్ధారించే సులభమైన పరీక్షలను సూచించడం, సహకరించని హోస్టింగ్ సంస్థతో వ్యవహరించవలసిన తీరును, అవసరమైతే పాఠనష్టం లేకుండా వేరే సంస్థకు తరలే పద్ధతిని తెలియజేయడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: అంతర్జాల పత్రిక, హోస్టింగ్, సర్వర్, యూనికోడ్, డేటాబేస్, డొమైన్, పాఠసంరక్షణ.

1. ఉపోద్ఘాతం:
ముద్రిత పత్రికలో వచ్చిన వ్యాసం ప్రతి గ్రంథాలయంలోనూ ఒక ప్రతిగా నిలుస్తుంది. అంతర్జాల పత్రికలో వచ్చిన వ్యాసం సాధారణంగా ఒకే ఒక సర్వర్‌లో ఉంటుంది. పాఠకులు ఎందరైనా, వారందరూ చూసేది ఆ ఒక్క ప్రతినే. ఆ సర్వర్ మందగిస్తే పాఠకుడు విసుగుచెంది వెనుదిరుగుతాడు. ఆగిపోతే వ్యాసం లేనట్లే అవుతుంది. సిద్ధాంతగ్రంథం సమర్పించే పరిశోధకునికి, పదోన్నతి కోసం దరఖాస్తు చేసే అధ్యాపకునికి ప్రచురిత వ్యాసపు లంకె ఒక ఆధారపత్రం. పరిశీలకుడు నొక్కినప్పుడు అది తెరుచుకోకపోతే వ్యాసకర్త శ్రమ సందేహానికి గురవుతుంది. అందువల్ల వెబ్‌సైట్ వేగాన్ని కేవలం సాంకేతిక సౌకర్యంగా కాక పరిశోధన విశ్వసనీయతకు సంబంధించిన విషయంగా పరిగణించవలసి ఉంది.

2. పుట తెరుచుకోవడంలోని దశలు:
పాఠకుడు లంకెను నొక్కిన క్షణం నుంచి అక్షరాలు తెరపై కనిపించే వరకు నాలుగు దశలుంటాయి. మొదటిది చిరునామా అన్వేషణ. వెబ్‌సైట్ పేరుకు సంబంధించిన సంఖ్యారూప చిరునామాను బ్రౌజర్ తెలుసుకుంటుంది. రెండవది అనుసంధానం. బ్రౌజర్‌కు, సర్వర్‌కు మధ్య సురక్షితమైన మార్గం ఏర్పడుతుంది. మూడవది నిర్మాణం. సర్వర్‌లోని ప్రోగ్రామ్ డేటాబేస్ నుంచి వ్యాసాన్ని తీసి పుటగా కూర్చుతుంది. నాలుగవది ప్రదర్శన. పుటతోపాటు చిత్రాలు, ఫాంట్లు, ఇతర ఫైళ్లు పాఠకుని ఫోనుకు చేరి తెరపై అమరుతాయి.

మొదటి మూడు దశలు ముగిసి సర్వర్ నుంచి తొలి బైట్ అందేసరికి 0.8 సెకన్లకు మించకూడదనీ, పుటలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలనీ గూగుల్ సంస్థ వెబ్ నిర్మాతలకు సూచిస్తున్నది. ఈ రెండు కొలతలను వేరువేరుగా గుర్తించడం ముఖ్యం. తొలి బైట్ ఆలస్యమైతే లోపం ఎక్కువగా సర్వర్ పక్షాన ఉంటుంది. తొలి బైట్ వెంటనే వచ్చినా పుట నిండడానికి సమయం పడుతుంటే లోపం పుట నిర్మాణంలో ఉంటుంది. గూగుల్ ఉచితంగా అందిస్తున్న పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ వంటి సాధనాలు ఈ కొలతలను తెలియజేస్తాయి.

సర్వర్ దూరదేశంలో ఉండడమే మందగమనానికి కారణమని తరచుగా వినిపిస్తుంది. ఇందులో కొంత నిజం ఉంది. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. హైదరాబాదు నుంచి అమెరికా తూర్పుతీరానికి దూరం సుమారు 13,000 కిలోమీటర్లు. పోయిరావడానికి కనీసం 0.13 సెకన్లు పడుతుంది. తీగలు వంకరలు తిరిగి వెళ్లడం వల్ల వాస్తవంలో ఇంకా ఎక్కువే అవుతుంది. అనుసంధానానికి, పుటను కోరడానికి కలిపి మూడు నాలుగు రాకపోకలు జరుగుతాయనుకున్నా దూరం వల్ల కలిగే ఆలస్యం ఇంచుమించు ఒక సెకనులోపే ఉంటుంది. ముంబయిలోని సర్వర్‌ను ఎంచుకుంటే అది కూడా తగ్గుతుంది. అయితే పుట తెరుచుకోవడానికి 10 సెకన్లు పడుతున్నప్పుడు దూరాన్ని మాత్రమే నిందించడం యుక్తం కాదు.

3. తెలుగు పాఠం బరువు - ఒక అపోహ:
తెలుగు అక్షరాలు ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి కాబట్టి తెలుగు వెబ్‌సైట్లు సహజంగానే మందంగా ఉంటాయన్న అభిప్రాయం ఒకటి ప్రచారంలో ఉంది. దీనిని లెక్కతో పరిశీలించవచ్చు. యూనికోడ్‌లో తెలుగు వర్ణచిహ్నాలు ఒక్కొక్కటి యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు తీసుకుంటాయి. ఆంగ్లాక్షరానికి 1 బైట్ చాలు. 'తెలుగు' అనే పదంలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిపి ఆరు సంకేతాలున్నాయి. అంటే 18 బైట్లు. 'స్త్రీ' అన్నది చూడడానికి ఒకే అక్షరమైనా సకార, తకార, రేఫలు, రెండు పొల్లులు, దీర్ఘం కలిసి అందులోనూ ఆరు సంకేతాలే, 18 బైట్లే.

పదానికి సగటున 8 సంకేతాలనుకుంటే 2000 పదాల వ్యాసం సుమారు 50 కిలోబైట్లు అవుతుంది. ఫోనుతో తీసిన ఒక ఛాయాచిత్రం 4 మెగాబైట్లు ఉంటే అది ఇటువంటి 80 వ్యాసాలకు సమానం. పైగా తెలుగు సంకేతాల మూడు బైట్లలో మొదటిది ఎప్పుడూ ఒకటే. రెండవది రెండు విలువలలో ఏదో ఒకటి. ఇంతటి పునరుక్తి ఉన్న పాఠాన్ని సర్వర్ పంపే ముందు జిజిప్ వంటి పద్ధతులతో బాగా కుదించవచ్చు. కాబట్టి తెలుగు పాఠం మందగమనానికి కారణం కాదు.

బరువు పెంచేవి మూడు. మొదటివి కుదించని చిత్రాలు. సంపాదకవర్గ సభ్యుల ఛాయాచిత్రాలు, ముఖచిత్రాలు కెమెరా నుంచి వచ్చిన పరిమాణంలోనే ఉండడం తరచుగా కనిపిస్తుంది. రెండవవి ఫాంట్లు. సంయుక్తాక్షరాలన్నింటికీ రూపాలు అవసరం కనుక తెలుగు ఫాంటు ఆంగ్ల ఫాంటు కంటె సాధారణంగా పెద్దది. ఒకే పుటలో మూడు నాలుగు ఫాంట్లను వాడితే భారం అంతకంతకు పెరుగుతుంది. ఒక ఫాంటుకు పరిమితమై, దానిని వోఫ్2 రూపంలో అందించి, అది చేరేలోపు ఫోనులో ఉన్న తెలుగు ఫాంటుతోనే పాఠం కనిపించేలా అమర్చుకుంటే పాఠకునికి ఖాళీ తెర ఎదురుకాదు. మూడవవి స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. వీటిని పుటలోనే తెరిచి చూపకుండా, పరిమాణాన్ని పేర్కొంటూ విడిగా లంకె ఇవ్వడం మేలు.

4. దోషస్థాన నిర్ధారణ:
'ఏది ఉంటే కార్యం ఉంటుందో, ఏది లేకపోతే కార్యం ఉండదో అదే కారణం' అన్న అన్వయవ్యతిరేక పద్ధతి మన శాస్త్రచర్చలలో సుపరిచితం. వెబ్‌సైట్ విషయంలోనూ ఇదే మార్గం. ఇందుకు మూడు ఫైళ్లు చాలు. ఒకటి, ఒక వాక్యం మాత్రమే ఉన్న సాధారణ పాఠం ఫైలు. రెండు, డేటాబేస్‌తో నిమిత్తం లేకుండా ఆనాటి తేదీని మాత్రం చూపే చిన్న పీహెచ్‌పీ ఫైలు. మూడు, పత్రికలోని ఒక వ్యాసపు పుట. ఈ మూడింటినీ ఒకే సమయంలో తెరిచి, తొలి బైట్ అందడానికి పట్టిన కాలాన్ని నమోదు చేయాలి.

మొదటి ఫైలే ఆలస్యమైతే దోషం సర్వర్‌లో గాని, అనుసంధానంలో గాని ఉంది. అది వెబ్‌సైట్ రూపకల్పనకు సంబంధించినది కాదు. మొదటిది వెంటనే వచ్చి రెండవది ఆలస్యమైతే పీహెచ్‌పీకి తగిన ప్రాసెసర్ సమయం గాని, మెమరీ గాని లభించడం లేదని ఊహించవచ్చు. మొదటి రెండూ వెంటనే వచ్చి మూడవది మాత్రమే ఆలస్యమైతే దోషం వెబ్‌సైట్ సాఫ్ట్‌వేర్‌లో, ప్లగిన్లలో లేదా డేటాబేస్‌లో ఉంది. అటువంటప్పుడు ప్లగిన్లను ఒక్కొక్కటిగా నిలిపి చూడాలి. ఒకసారి కూర్చిన పుటను దాచి తరువాతి పాఠకులకు నేరుగా అందించే క్యాష్ సదుపాయాన్ని అమర్చాలి. పీహెచ్‌పీ పాతదైతే నవీకరించాలి.

పరీక్షను ఒక్కసారితో ముగించకూడదు. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి చొప్పున కనీసం ఒక వారం పాటు, వీలైతే రెండు వేర్వేరు నెట్‌వర్క్‌ల నుంచి కొలవాలి. కొన్ని వేళల్లో మాత్రమే సాధారణ పాఠం ఫైలు కూడా మందగిస్తుంటే, అదే సర్వర్‌ను పంచుకుంటున్న ఇతర వెబ్‌సైట్ల రద్దీ కారణం కావచ్చు. దీనితోపాటు సందర్శకుల నమోదు పట్టికను కూడా చూడాలి. వ్యాసాలను యంత్రాల ద్వారా సేకరించే క్రాలర్లు ఎడతెగక పుటలను కోరడం వల్ల ఇటీవల పరిశోధన పత్రికల సర్వర్లపై భారం పెరిగింది. రోబోట్స్.టీఎక్స్‌టీ ఫైలులో నియమాలను రాయవచ్చు. అయితే అవి మర్యాద పాటించే క్రాలర్లను మాత్రమే ఆపుతాయి. మిగిలినవాటిని సర్వర్ స్థాయిలో నిరోధించాలి.

5. ఒప్పందంలోని మాటలు - వాటి అర్థాలు:
హోస్టింగ్ ప్రకటనల భాషను సాహిత్య విద్యార్థి నిశితంగా చదవవలసి ఉంది. 'అపరిమితం' అన్న మాట సాధారణంగా నిల్వస్థలానికి, సమాచార రవాణాకు వర్తిస్తుంది. ప్రాసెసర్, మెమరీ, ఒకేసారి నడవగల ప్రక్రియల సంఖ్య, మొత్తం ఫైళ్ల సంఖ్య పరిమితంగానే ఉంటాయి. ఆ పరిమితులు నిబంధనల పత్రంలో ఎక్కడో లోపల ఉంటాయి. వాటిని మించినప్పుడు పుటలు మందగించడమో, 503 లేదా 508 సంఖ్యతో దోషసూచన కనిపించడమో జరుగుతుంది.

'99.9 శాతం అందుబాటు' అన్నది మరొక మాట. శాతం పెద్దదిగా కనిపించినా 30 రోజుల నెలలో 43 నిమిషాలు, సంవత్సరంలో దాదాపు 8 గంటల 45 నిమిషాలు సర్వర్ ఆగిపోయినా ఆ హామీకి భంగం కలగదు. అంతకంటె ముఖ్యమైనది, అందుబాటు వేరు, వేగం వేరు. పుట 20 సెకన్లకు తెరుచుకున్నా సర్వర్ అందుబాటులో ఉన్నట్లే లెక్క. వేగానికి సంబంధించి ఏ హామీ లేని ఒప్పందంలో అందుబాటు హామీని ఉదహరించి వాదించడం వల్ల ప్రయోజనం ఉండదు.

'రోజువారీ బ్యాకప్' అన్న మాటను కూడా పరిశీలించాలి. ఆ బ్యాకప్ ఎన్ని రోజులు నిలుస్తుంది, తిరిగి ఇవ్వడానికి రుసుము ఉందా, ఖాతా నిలిచిపోయిన తరువాత కూడా లభిస్తుందా అన్న మూడు ప్రశ్నలకు సమాధానం చెల్లింపుకు ముందే లిఖితపూర్వకంగా పొందాలి.

6. ఫిర్యాదు రచనా విధానం:
'మా వెబ్‌సైట్ చాలా నెమ్మదిగా ఉంది, దయచేసి సరిచేయండి' అన్న ఫిర్యాదుకు 'మాకు బాగానే తెరుచుకుంటున్నది, బ్రౌజర్ క్యాష్ తొలగించి చూడండి' అన్న సమాధానం రావడం సహజం. అభిప్రాయానికి అభిప్రాయమే బదులుగా వస్తుంది. ప్రమాణంతో కూడిన ఫిర్యాదుకు అటువంటి సమాధానం ఇవ్వడం కష్టం. ఫిర్యాదులో ఈ అంశాలు ఉండాలి: ఏ పుట, ఏ తేదీన, ఏ సమయంలో తెరవబడింది, మూడు ఫైళ్ల కొలతల పట్టిక, కనిపించిన దోషసూచన యథాతథంగా, నిర్వాహకులు అప్పటికే చేసిన పరీక్షలు, సంస్థ నుంచి కోరుతున్న ఒకే ఒక నిర్దిష్టమైన పని. సమయాన్ని భారత కాలమానంలో రాసి ఆ విషయం స్పష్టం చేయాలి. సర్వర్ నమోదులు అంతర్జాతీయ కాలమానంలో ఉంటే ఐదున్నర గంటల తేడా వల్ల సాంకేతిక సిబ్బంది వేరే సమయపు నమోదులను చూసి 'దోషం కనిపించలేదు' అనే అవకాశం ఉంది.

ఒక సమస్యకు ఒకే ఫిర్యాదు సంఖ్యను కొనసాగించాలి. సంస్థ దానిని మూసివేస్తే కొత్తది ప్రారంభించకుండా పాతదానినే తిరిగి తెరవమని కోరాలి. ఫోనులో జరిగిన సంభాషణ సారాంశాన్ని అదే రోజు ఈమెయిల్‌లో పంపాలి. 'పెద్ద ప్లాన్‌కు మారండి' అని సూచించినప్పుడు, ప్రస్తుత ప్లాన్‌లో ఏ పరిమితిని ఎన్నిసార్లు మించామో వివరం ఇవ్వమని అడగాలి. ఆ వివరం ఇస్తే సూచన న్యాయమైనదో కాదో తేలుతుంది. ఇవ్వకపోతే అదే ఒక సమాధానం.

సంస్థ స్పందించనప్పుడు చట్టపరమైన మార్గం ఉంది. వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం ఈ-కామర్స్ సంస్థ ఫిర్యాదుల అధికారిని నియమించాలి. ఆ అధికారి ఫిర్యాదు అందినట్లు 48 గంటలలోపు తెలియజేసి, నెల రోజులలోపు పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల సహాయకేంద్రం సంఖ్య 1915. వాణిజ్య ప్రయోజనం కోసం తీసుకున్న సేవ వినియోగదారుల రక్షణ చట్టం, 2019 పరిధిలోకి రాదు కనుక, పత్రిక స్వభావాన్ని ఫిర్యాదులోనే స్పష్టం చేయడం మంచిది.

7. ఒక అనుభవం:
ఈ వ్యాసకర్త నిర్వహణలో పాలుపంచుకున్న ఒక చిన్న సాహిత్య భాండాగారం కొంతకాలం ఒక హోస్టింగ్ సంస్థ సర్వర్‌లో ఉండేది. పనిదినాల్లో ఉదయం వేళ పుటలు తెరుచుకోవడం ఆలస్యమయ్యేది. సంస్థ నుంచి మూడుసార్లు ఒకే సమాధానం వచ్చింది: 'ప్లగిన్లను తగ్గించండి, పెద్ద ప్లాన్‌కు మారండి.' పైన పేర్కొన్న పరీక్షలో ఉదయం వేళ సాధారణ పాఠం ఫైలు కూడా ఆలస్యంగానే వచ్చింది. రాత్రివేళ అదే ఫైలు వెంటనే తెరుచుకునేది. ఆ ఫైలుకు ప్లగిన్లతో సంబంధం లేదు. వారం రోజుల పట్టికను జతచేసిన తరువాత గాని ఫిర్యాదు పైస్థాయి సిబ్బందికి చేరలేదు. వారు రద్దీని అంగీకరించినా సర్వర్ మార్చడానికి నిరాకరించారు.

తరలింపు నిర్ణయం తీసుకున్నాక అసలు చిక్కు బయటపడింది. సంస్థ ఇచ్చిన డేటాబేస్ ప్రతిలో కొన్ని వ్యాసాల స్థానంలో ప్రశ్నార్థకాలు మాత్రమే ఉన్నాయి. తెలుగును ఇముడ్చుకోలేని లాటిన్1 సంకేతపద్ధతిలోకి పాఠాన్ని మార్చడమే దీనికి కారణం. రచయితల మూల ప్రతులు విడిగా భద్రపరచి ఉండడం వల్ల ఆ వ్యాసాలు దక్కాయి. అవి లేకపోతే ఆ పాఠాలు శాశ్వతంగా నష్టమయ్యేవే. మందగమనం అసౌకర్యం మాత్రమే. పాఠనష్టం పూడ్చలేనిది.

8. పాఠనష్టం లేని తరలింపు:
సంకేతపద్ధతి పొరపాటులో రెండు రకాలున్నాయి. తెలుగుకు బదులు విచిత్రమైన ఐరోపా అక్షరాలు కనిపిస్తే, బైట్లు చెడలేదనీ వాటిని వేరే పద్ధతిలో చదువుతున్నారనీ అర్థం. సాధారణంగా వాటిని తిరిగి రాబట్టవచ్చు. ప్రశ్నార్థకాలు కనిపిస్తే బైట్లే మారిపోయాయి. ఆ ప్రతి నుంచి పాఠాన్ని రాబట్టడం అసాధ్యం. కనుక డేటాబేస్ ప్రతి తీసుకునేటప్పుడు యూటీఎఫ్8ఎంబీ4 పద్ధతిని పేర్కొని, తీసుకున్న వెంటనే దానిని తెరిచి కొన్ని వ్యాసాలను కళ్లతో చదివి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్‌ను బ్యాకప్‌గా లెక్కించకూడదు.

తరలింపు క్రమం ఇది. మొదట ఫైళ్లు, డేటాబేస్, సంపాదకవర్గ ఈమెయిళ్లు అన్నింటి ప్రతులను సొంత కంప్యూటర్‌లోకి తెచ్చుకోవాలి. కొత్త సర్వర్‌లో వెబ్‌సైట్‌ను నెలకొల్పి, పాతది నడుస్తుండగానే పరీక్షించాలి. చిరునామా నమోదుల గడువును ఒకటి రెండు రోజుల ముందే 300 సెకన్లకు తగ్గించాలి. తరువాత చిరునామాను కొత్త సర్వర్ వైపు మళ్లించాలి. వ్యాసాల లంకెలు ఒక్క అక్షరం కూడా మారకూడదు. మార్చక తప్పకపోతే పాత లంకె నుంచి కొత్తదానికి శాశ్వత మళ్లింపు ఏర్పరచాలి. పాత ఖాతాను కనీసం కొన్ని వారాలు కొనసాగించి, ఆ తరువాతే రద్దు చేయాలి.

డొమైన్ పేరు, హోస్టింగ్ రెండూ వేర్వేరు సేవలని గుర్తించడం అత్యవసరం. ఇల్లు మారినా పేరు మారనట్లు, సర్వర్ మారినా డొమైన్ అదే ఉంటుంది. అందుకే డొమైన్‌ను పత్రిక లేదా సంస్థ పేరుతో, సొంత ఈమెయిల్‌తో, వీలైతే హోస్టింగ్‌తో సంబంధం లేని నమోదు సంస్థ దగ్గర ఉంచుకోవాలి. కామ్, ఆర్గ్ వంటి డొమైన్ల విషయంలో యజమాని కోరిన 5 రోజులలోపు బదిలీ సంకేతాన్ని ఇవ్వాలని ఐకాన్ నియమం నిర్దేశిస్తున్నది. కొత్తగా నమోదైన లేదా బదిలీ అయిన డొమైన్‌ను 60 రోజులపాటు మళ్లీ బదిలీ చేయడం సాధ్యం కాకపోవచ్చు. కాబట్టి నవీకరణ గడువు దగ్గర పడేవరకు వేచి ఉండడం ప్రమాదకరం.

9. బహుప్రతుల ఆవశ్యకత:
సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి తాళపత్ర గ్రంథాలకు ప్రతులు రాయించి, పాఠాలను పోల్చి పరిష్కరింపజేశాడు. ఒక ప్రతి శిథిలమైనా మరొకటి నిలవడమే ఆ కృషి ఫలితం. అంతర్జాల యుగంలో ఈ సూత్రం మారలేదు. ప్రతి సంచికను పీడీఎఫ్ రూపంలో, సాధారణ పాఠరూపంలో కనీసం రెండు వేర్వేరు చోట్ల భద్రపరచాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థకు చెందిన వేబ్యాక్ మెషీన్‌లో ప్రతి వ్యాసపు పుటను నమోదు చేయవచ్చు. ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే పత్రికలు, ఐఎస్ఎస్ఎన్ వంటి అర్హతలుంటే, దానిని రూపొందించిన పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్ట్ నిర్వహించే సంరక్షణ జాలంలో ఉచితంగా చేరవచ్చు. డీవోఐ తీసుకున్న పత్రికలు సర్వర్ చిరునామా మారినప్పుడు ఆ సమాచారాన్ని నవీకరించాలి. డీవోఐ కేవలం దారి చూపుతుంది. గమ్యస్థానంలో వ్యాసం లేకపోతే అది చేయగలిగినది ఏమీ లేదు. వ్యాసకర్తలు కూడా తమ ప్రచురిత వ్యాసపు పీడీఎఫ్‌ను, పుట లంకెను, వేబ్యాక్ మెషీన్‌లోని లంకెను తమ దగ్గర ఉంచుకోవడం అవసరం.

10. ముగింపు:
పై పరిశీలన వల్ల కొన్ని అంశాలు స్పష్టమవుతున్నాయి. తెలుగు లిపి వెబ్‌సైట్ మందగమనానికి కారణం కాదు. చిత్రాలు, ఫాంట్లు, సాఫ్ట్‌వేర్, సర్వర్ సామర్థ్యం దానికి కారణాలు. మూడు ఫైళ్ల పరీక్షతో దోషస్థానాన్ని సాంకేతిక శిక్షణ లేనివారు కూడా చాలావరకు నిర్ధారించగలరు. హోస్టింగ్ సంస్థతో వివాదం వచ్చినప్పుడు కొలతల పట్టికే బలమైన సాక్ష్యం. డొమైన్ యాజమాన్యం, పరీక్షించిన బ్యాకప్ ఈ రెండూ చేతిలో ఉన్న నిర్వాహకుడు ఏ సంస్థకూ లోబడి ఉండనక్కరలేదు. ఆ రెండూ లేనివాడు ఎంత న్యాయం తన పక్షాన ఉన్నా వేచి ఉండక తప్పదు.

వ్యాసాలను స్వీకరించి ప్రచురించే ప్రతి పత్రికా ఆ వ్యాసాలను నిలుపుతామని కూడా రచయితలకు మాట ఇచ్చినట్లే. పరిశోధన పద్ధతులకు సంబంధించిన పాఠ్యాంశాలలో పాఠపరిష్కరణ, సూచికల రచన వంటి విషయాలతోపాటు అంతర్జాల పాఠసంరక్షణకు కూడా చోటు కల్పిస్తే, రానున్న తరం పరిశోధకులు ఆ మాటను నిలబెట్టగలుగుతారు.